వీథి కాపలా: నేరముల లెక్కను చదువు విధము

మీలో పెక్కుమంది కుమారులో, కుమార్తెలో, మనుమలో హైదరాబాదు నగరమున కాపురముండుట నేనెరుగుదును. వారు అచ్చట ఇల్లు కొనదలచినప్పుడును, "నాన్నా, మీరును అమ్మయు ఇక్కడికే వచ్చి ఉండుడు" అని పిలిచినప్పుడును మీరు మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: "అచ్చట దొంగల భయము లేదు గదా?"

ప్రశ్న చిన్నదే. దీనికి సరియైన సమాధానము చెప్పుట మాత్రము సులభము కాదు. కొందరు పత్రికలో ఒక దొంగతనపు వార్త చదివి, ఆ పేట యంతయు దొంగల పాలైనదని నిశ్చయింతురు. మరికొందరు "మా వీథిలో ఇరువదియేండ్లుగా ఏమియు జరుగలేదు" అని ధైర్యము చెప్పుకొని తలుపు గొళ్ళెము కూడ వేయరు. ఈ రెండును లెక్క తెలియని మాటలే. ముప్పదియేండ్లకు పైగా బాలురకు చదువు చెప్పినవాడను గావున, ఈ లెక్కను ఎట్లు చదువవలెనో, చదివిన పిమ్మట ఏమి చేయవలెనో పాఠము వలె నాలుగు మాటలు విన్నవింతును.

ఉదాహరణమునకు ఒక పేటను తీసికొందము. నగరపు తూర్పు భాగమున, ఉప్పల్, నాచారములకు ఉత్తరముగా, ఈసీఐఎల్ చౌరస్తాకు చేరువగా ఏఎస్ రావు నగర్ అను నివాసస్థలము కలదు. అది అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసినది. ఆయన 1914లో పశ్చిమ గోదావరి ప్రాంతమందలి మొగల్లు గ్రామమున జన్మించి, కాశీ విశ్వవిద్యాలయమునను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునను చదివి, 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థకు ఆద్యుడై నడపిన శాస్త్రజ్ఞుడు. 1972లో పద్మభూషణ పురస్కారము నందెను. 2003లో స్వర్గస్థుడయ్యెను. ఆ సంస్థ ఉద్యోగుల కొరకు ఏర్పడిన కాలనీయే ఏఎస్ రావు నగర్. ఒక పల్లెటూరి బిడ్డడి పేర నగరములో ఒక ఊరే వెలసినది గదా! కావున మన పాఠమునకు ఈ పేట తగినది.

ఇక లెక్కకు వత్తము. మన దేశములో నేరముల లెక్క కూర్చునది జాతీయ నేర నమోదుల సంస్థ. అది 1986లో ఏర్పడినది. అంతకు పూర్వమే, 1953 సంవత్సరపు లెక్కతో మొదలుకొని, దేశములోని నేరములను గూర్చి ఏటేట ఒక గ్రంథము వెలువడుచున్నది. అందులో "నేరముల రేటు" అను మాట తరచుగా కనిపించును. దాని అర్థము మిక్కిలి సరళము. ఒక సంవత్సరములో నమోదైన కేసులను జనసంఖ్యతో భాగించి, లక్షమందికి ఎన్ని వచ్చునో చెప్పుటయే. ఉదాహరణమునకు 2021లో దేశమంతట లక్షమందికి 445.9 కేసులు నమోదుకాగా, 2022లో 422.2 నమోదైనవి. 2022లో కేసుల మొత్తము సంఖ్య 58,24,946. ఇది చిన్న తగవులు మొదలు హత్యల వరకు అన్నియు కలిసిన లెక్క యని మరువరాదు.

మరి ఏఎస్ రావు నగర్ రేటు ఎంత యని మీరడుగుదురు. ఆ గ్రంథములో రాష్ట్రముల లెక్క, మహానగరముల లెక్క, పోలీసు జిల్లాల లెక్క ఉండును గాని, ఒక్కొక్క కాలనీ లెక్క ఉండదు. కేసులు నమోదగునవి పోలీసు ఠాణాలో. ఒక ఠాణా పరిధిలో అనేక కాలనీలు, బస్తీలు, అంగళ్ళు, కర్మాగారములు చేరియుండును. పైగా పోలీసు సరిహద్దులు కాలక్రమమున మారుచుండును. 2003లో సైబరాబాదు కమిషనరేటు ఏర్పడెను. 2016లో దానిని విభజించి తూర్పు భాగమును రాచకొండ కమిషనరేటుగా చేసిరి. అదే సంవత్సరమున రంగారెడ్డి జిల్లానుండి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా వేరుపడెను. కొలపాత్రయే మారినప్పుడు నిరుటి ధాన్యమును ఈనాటి ధాన్యముతో పోల్చుట ఎట్లు? కావున ఎవరైనను "ఆ కాలనీ నేరముల రేటు ఇంత" యని ఖండితముగా చెప్పినచో, ఆ అంకె ఎచ్చటిదని మొదట అడుగవలెను.

ఒకవేళ అట్టి అంకె దొరికినదనియే అనుకొందము. అప్పుడును మూడు జాగ్రత్తలు వలయును.

మొదటి జాగ్రత్త చిన్న సంఖ్యలను గూర్చినది. అయిదువేలమంది నివసించు ఒక కాలనీని ఊహింపుడు. నిరుడు అందులో రెండు దొంగతనములు, ఈ ఏడు నాలుగు జరిగినవి. లక్షమందికి లెక్కకట్టినచో రేటు 40 నుండి 80కి పెరిగినది. "నేరములు రెట్టింపైనవి" అని పెద్ద అక్షరములతో అచ్చువేయవచ్చును. అది అబద్ధము కాదు. కాని జరిగినదేమి? ఒకే దొంగ ఒకే రాత్రి రెండిండ్లు ఎక్కువ దోచియుండవచ్చును. 2011 జనాభా లెక్కలలో మహానగర పరిధిలో రమారమి 67 లక్షలమంది ఉండిరి. అంతమందిలో రెండు కేసులు పెరిగినను తరిగినను కంటికి కనబడదు. ఒక్క యేటి వానను చూచి మనము చెరువుకట్ట ఎత్తు నిర్ణయింపము గదా! అట్లే చిన్నపేట లెక్కను అయిదారేండ్లు వరుసగా చూచినగాని తీర్పు చెప్పరాదు.

రెండవ జాగ్రత్త భాగహారమును గూర్చినది. నేరము జరిగిన స్థలమునకు వచ్చుపోవువారందరును అచ్చటి నివాసులు కారు. మీ ఊరిలో వారపు అంగడి జరుగుననుకొనుడు. ఆ దినమున జేబులు కత్తిరించువారు పది ఊళ్ళనుండి వత్తురు. కోల్పోవువారును పది ఊళ్ళవారే. లెక్క మాత్రము మీ ఊరి పేర పడును. ఈసీఐఎల్ చౌరస్తా వంటి రద్దీ కూడలియు అట్టిదే. బస్సులు ఎక్కువారు, దిగువారు, దుకాణములకు వచ్చువారు వేలకొలది. అక్కడ పోయిన బండి, పోయిన ఫోను చుట్టుపట్ల కాపురమున్నవారి లెక్కలో చేరినప్పుడు, నిద్రపోవు వీథికూడ ప్రమాదస్థలమువలె కనిపించును.

మూడవ జాగ్రత్త అన్నిటికంటె ముఖ్యమైనది. లెక్కకెక్కునది జరిగిన నేరము కాదు, నమోదైన నేరము. మెడలోని గొలుసు తెంపుకొనిపోయినను "ఠాణా గడప తొక్కుట పరువుతక్కువ" యని ఊరకుండు కుటుంబములను నేనెరుగుదును. అట్టివారెక్కువగానున్న పేట లెక్కలలో పరిశుద్ధముగా కనిపించును. అక్కడ దొంగకు మాత్రము పట్టపగ్గములుండవు. దీనికి విపరీతముగా, ఫిర్యాదుచేయుట సులభమైనచోట అంకె పెరుగును. కేరళములో నమోదగు నేరముల రేటు దేశములో మిక్కిలి ఎక్కువైన వానిలో నొకటి. అంతమాత్రమున అక్కడివారు మిక్కిలి దుర్మార్గులని ఎవరనగలరు? అక్షరాస్యులు, హక్కులెరిగినవారు ఫిర్యాదు చేయుటకు వెనుదీయరు. మన తెలంగాణములోనే సైబరు నేరముల కేసులు 2021లో 10,303 కాగా 2022లో 15,297కు పెరిగి, రాష్ట్రములన్నిటిలో మొదటి సంఖ్యయైనది. ఇందులో మోసము పెరిగిన భాగము కలదు, ఫిర్యాదును నమోదుచేయు శ్రద్ధ పెరిగిన భాగమును కలదు. రెండింటిని వేరుచేయక కేవలము అంకెను చూచి కలతపడరాదు. ఇంకొక సూక్ష్మము చెప్పెదను. ఒకే కేసులో హత్యయు దోపిడియు కలిసియున్నచో, జాతీయ గ్రంథములో అది ఘోరమైన నేరముక్రింద ఒక్కసారియే లెక్కింపబడును. రెండవ నేరము ఆ పట్టికలో కనబడదు.

ఇట్లు లెక్కను శుద్ధిచేసికొన్న పిమ్మట, నివాసపు కాలనీలో నిజముగా భయపడవలసినదేమి యని విచారింతము. మనకు ఎక్కువ భీతి కలిగించునది హత్య. దేశములో 2022లో 28,522 హత్యకేసులు నమోదైనవి. అదే సంవత్సరమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అనగా దాదాపు ఆరింతలు. రాత్రి దొంగకు జడిసి మూడు తాళములు వేయు ఇంటిలోనే, పిల్లవాడు తలకు రక్షణటోపి లేక బండినెక్కి పెద్దరోడ్డుపై పోవును. భయము ఒకచోట, అపాయము మరియొకచోట!

కాలనీలలో సామాన్యముగా జరుగునవి నాలుగు విధములు: తాళమువేసిన ఇంటిలో దొంగతనము, స్త్రీల మెడలోని గొలుసు తెంపుకొనిపోవుట, నిలిపిన బండిని అపహరించుట, టెలిఫోను ద్వారా మోసగించుట.

మొదటిదానిలో మీకును భాగమున్నది. సంక్రాంతికి, దసరాకు మీ పిల్లలు ఊరికి వచ్చుట మీకు పండుగ. వారు వచ్చుట యనగా అక్కడ ఇంటికి తాళము పడుటయే. దొంగకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. అందుచేతనే ఏటేట ఆ పండుగలముందు, ఊరికి పోవువారు తమ ఠాణాలో తెలిపి పోవలెనని పోలీసులు ప్రకటించుచుందురు. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడను చోరుడు కన్నము వేయుటకుముందు గోడను ఎట్లు పరీక్షించెనో నాటకము చదివినవారెరుగుదురు. నీటిచే నాని మెత్తబడిన చోటేది, చప్పుడుకాని చోటేది యని వెదకెను. ఈనాటి చోరుడును అట్లే వెదకును. గడపముందు పోగుపడిన పత్రికలు, తీయని పాలపొట్లములు, రాత్రి వెలుగని దీపము, తుడువని వాకిలి ఇవియే వాని కంటికి మెత్తని గోడలు. "తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని" అని మన సామెత. నేటివారు ఈ సామెతను మించి, "మేము సకుటుంబముగా ఊరికి పోవుచున్నాము" అని ఫొటోలతోసహా ఫోనులో లోకమునకెల్ల చాటుచున్నారు. తిరిగివచ్చిన తరువాత చూపినను ఆ ఫొటోల అందము తరుగదని మీరు వారికి చెప్పవలెను.

నాలుగవది నేడు అన్నిటికంటె వేగముగా పెరుగుచున్నది. దీనికి గోడయు తాళమును అడ్డుకావు. నేనెరిగిన ఒక వృద్ధురాలికి "నీపై కేసు ఉన్నది, కదలక ఫోనుముందే కూర్చుండుము" అని ఒక గొంతు పోలీసు అధికారివలె గద్దించినది. ఆమె రెండు దినములు ఎవరికిని చెప్పక వణకినది. కూడబెట్టిన ధనము పంపునంతలో పొరుగింటి కోడలు ఉప్పుకొరకు వచ్చి, ముఖము చూచి, సంగతి కనుగొన్నది. ఫోనులో నిర్బంధించు అధికారము ఏ చట్టమునను ఏ పోలీసునకును లేదు. ఈ ఒక్క వాక్యమును మీ ఇంట అందరిచేత కంఠస్థము చేయింపుడు. ధనము పోయినచో తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. గంటలోపల చెప్పినచో ఆ ధనము చేతులు మారకముందే బ్యాంకులలో నిలుపు అవకాశమెక్కువ. మరునాడు చెప్పుట "దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు" అగును.

ఆ వృద్ధురాలిని కాపాడినది యంత్రము కాదు, ఇరుగుపొరుగు. కాపలా యనునది మనకు కొత్తదియు కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నగరపాలనమును చెప్పుచు, పది గాని ఇరువది గాని నలువది గాని కుటుంబములకు గోపుడను నొక అధికారిని, నగరములోని ఒక్కొక్క భాగమునకు స్థానికుడను నొకనిని, అందరిపైని నాగరికుడను నొకనిని నియమించెను. ఇంటికి వచ్చిన క్రొత్తవారిని గూర్చి గృహస్థు తెలుపవలెననియు విధించెను. నేడు అద్దెకు వచ్చువాని ఆధారపత్రములు చూచి ఠాణాకు తెలుపుమని చెప్పుట ఆ మాటకు నూతనరూపమే. మన పల్లెలలో కాపలాకు తలారియు, తెలంగాణమున పోలీసు పటేలును ఉండెడివారు. నగరమునకు కొత్వాలు ఉండెను. 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగానుండిన రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి పేరు మీలో వృద్ధులు వినియుందురు. వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి. ఆ పద్ధతిలో అధికారము చెలాయించుటయు, వెట్టి చేయించుకొనుటయు ఉండెను. అది పోవుట మేలే. కాని ఊరిలో ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి అని ఎరిగిన కన్ను ఒకటి దానితోపాటు పోయినచోట్ల, దాని స్థానమున మరియొక కన్ను ఏర్పడలేదు.

ఏఎస్ రావు నగర్ వంటి కాలనీలకును ఇదే చరిత్ర. ఒకే సంస్థలో పనిచేయువారు మొదట కాపురముండినప్పుడు, ఎవరి ఇల్లు ఏదో, ఎవరు ఏ వేళకు డ్యూటీకి పోవుదురో పొరుగువారికి తెలిసియుండును. ఒంటి ఇండ్ల స్థానమున అంతస్తుల భవనములు లేచి, అద్దెకుండువారు తరచుగా మారుచున్నప్పుడు, ఎదుటి తలుపు వెనుక ఎవరున్నారో తెలియని స్థితి వచ్చును. జేన్ జేకబ్స్ అను విదుషి 1961లో అమెరికా నగరములను గూర్చి వ్రాసిన గ్రంథములో, వీథిని కాచునది ముఖ్యముగా పోలీసు కాదు, వీథివైపు చూచు జనుల కన్నులే యని వాదించినది. అరుగుమీద కూర్చుండు మన తాతలు ఆ గ్రంథము చదువకయే ఆ పని చేసిరి. అరుగులు పోయి ఎత్తైన ప్రహరీలు వచ్చినవి. ప్రహరీ దొంగను ఆపుటకు కట్టినదే, కాని లోపల దూరిన దొంగను వీథివారి కంటబడకుండ దాచునదియు అదే.

కన్నులు తగ్గినచోట కెమెరాలు వచ్చినవి. జనులు గుమిగూడు సంస్థలలో వానిని అమర్చవలెనని 2013లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక ప్రజారక్షణ చట్టము చేసినది. కాలనీవారు చందాలు వేసికొని అమర్చుకొనుటయు సామాన్యమైనది. కెమెరా మంచి సాక్షి. జరిగినదానిని చెప్పును. జరుగుచుండగా కేక వేయదు. నెలకొకసారి ఎవరైనను అది పనిచేయుచున్నదా యని చూడనిచో, గోడకు వ్రేలాడు దిష్టిబొమ్మ యగును. రాత్రి కాపలాదారునకు తగిన జీతము, కూర్చుండుటకు చోటు, పిలుచుటకు ఫోను ఈయక, దొంగతనము జరిగిననాడు మొదట వానినే అనుమానించుట న్యాయము కాదు.

ఇచ్చట గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. జాగరూకత వేరు, అనుమానము వేరు. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో వదంతులు వ్యాపించినవి. వానిని నమ్మిన మూకలు తెలంగాణ పల్లెలలోను, హైదరాబాదులోను నిరపరాధులను కొట్టి కొందరి ప్రాణములు తీసినవి. భాష తెలియనివాడు, చినిగిన బట్టలవాడు, భిక్షకు వచ్చినవాడు దొంగ యని నిర్ణయించుటకు మనకు అధికారము లేదు. సందేహము కలిగినచో 100 గాని 112 గాని పిలువవలెను. చేయి చేసికొనరాదు. దొంగను పట్టితిమనుకొని హంతకులైన గ్రామమునకు ఏ కాపలా రక్ష?

ఇక చట్టము మీకు ఇచ్చిన హక్కులు సంగ్రహముగా వినుడు. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహితయు, విచారణవిధులకు భారతీయ నాగరిక సురక్షా సంహితయు అమలులోనికి వచ్చినవి. గొలుసు తెంపుకొనిపోవుటవంటి అపహరణమును న్యాయసంహిత ప్రత్యేక నేరముగా పేర్కొన్నది. దొంగతనమువంటి నేరమును తెలిపినప్పుడు ఠాణావారు దానిని నమోదుచేయవలెను. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టముగా తీర్పుచెప్పినది. "ఇది మా పరిధి కాదు" అని త్రిప్పి పంపరాదు. ఏ ఠాణాలోనైనను నమోదుచేసి, తగిన ఠాణాకు వారే పంపవలెను. ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో తెలిపినచో, మూడు దినములలో వచ్చి సంతకము చేయవలెను. నమోదైన ప్రతిని ఉచితముగా ఈయవలెను. నిరాకరించినచో పై పోలీసు అధికారికి తపాలాలో వ్రాయవచ్చును, పిమ్మట మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. స్త్రీలకొరకు 2014లో హైదరాబాదున షీ టీములు ఏర్పడినవి. 181 అను సంఖ్యయు వారి సహాయముకొరకు కలదు. ఫిర్యాదు చేయుట అవమానము కాదు. చేయకున్నచో తెంపినవాడు రేపు పొరుగువీథిలో మరియొక తల్లి మెడపై చేయివేయును.

కావున "అచ్చట దొంగల భయము లేదు గదా?" అను ప్రశ్నకు బదులు మీ పిల్లలను ఈ నాలుగు ప్రశ్నలడుగుడు. ఎదుటి ఇంటివారి పేరు తెలియునా? ఊరికి వచ్చునప్పుడు ఎవరికి, ఏ ఠాణాకు చెప్పి వచ్చితివి? వీథిదీపములు, కెమెరాలు పనిచేయుచున్నవా యని చూచువారెవరు? ఆపద వచ్చినచో పిలువవలసిన సంఖ్యలు ఇంటిలోని వృద్ధులకును పిల్లలకును కంఠస్థమా? వీనికి సమాధానము చెప్పగలవాడు ఏ కాలనీలోనున్నను కొంత నిశ్చింతగా నుండవచ్చును. చెప్పలేనివానికి మీరే ఒక నెల అచ్చటనుండి ఉపకారము చేయుడు. ఉదయము వాకిట కుర్చీ వేసికొని కూర్చుండుడు. పోవువారిని పలుకరింపుడు. ఎదుటి ఇంటి పిల్లవాని పేరడుగుడు. పల్లెలో మీరు అలవాటుగా చేయు ఈ పని అక్కడ కరవైనది. మీ పిల్లలకు తీసికొనిపోవు బియ్యము, పచ్చళ్ళతోపాటు దీనిని కూడ తీసికొనిపొండు. ఇక సెలవు.